నాలుగో తూము

నేను ఒక తూమును. మూడున్నర అడుగుల పొడవున కాంక్రీటుతో పోసిన తూమును. డాబా కప్పు మీద నిలిచే వాన నీటిని, గోడ తడవకుండా, పిట్టగోడకు అవతల దూరంగా వదలడం నా పని. అంతకు మించిన విశేషం నాలో లేదు. ఈ ముక్క మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను చూసిన చదువుకున్న మనుషులందరూ నాలో ఏదో ఒక విశేషం చూశారు. ఒకాయనకు నేను మతానికి అపచారంగా కనబడ్డాను. ఇంకొకాయనకు అందానికి అడ్డంగా కనబడ్డాను. నన్ను తూముగా చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నన్ను పోసిన జక్రయ్య మేస్త్రి, రెండోవారు ఆయన భార్య కరుణమ్మ. కథ నాదే గాని, ఇందులో పోయిందీ, పోతే తిరిగి వస్తుందో రాదో తెలియనిదీ ఆ మేస్త్రి పేరు.

చీరాల నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊళ్ళో పెంకుల చర్చి ఉండేది. ఒక ఏడు గాలివానకు పెంకులు ఎగిరిపోయి గోడలు కూలాయి. సంఘంవారు కొత్త గుడి కట్టాలనుకున్నారు. ఆ సంఘానికి పాస్టరు ప్రభుచరణ్‌గారు. ఊరంతా ఆయన్ని అయ్యగారనే పిలిచేది. భారీ మనిషి, మెత్తని మనసు, ఎదుటివాళ్ళ మాట కాదనలేని నోరు. కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఆయన గదిలోనే ఉండి చదువుకున్న యలమంచిలి మానవేంద్ర ఇప్పుడు ఆర్కిటెక్టు అయి విజయవాడలో ఆఫీసు పెట్టాడు. అయ్యగారు బస్సెక్కి వెళ్ళి ప్లాను గీయమని అడిగారు.

మానవేంద్ర తండ్రి ఊరూరా తిరిగి దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చిన హేతువాది. ఆ ఇంట్లో పెళ్ళికి ముహూర్తం లేదు, చావుకు దినం లేదు, పండగంటే పొడుగాటి ఉపన్యాసం. అలాంటి ఇంట్లో పుట్టినవాడు చర్చికి ప్లాను గీయమంటే నవ్వకేం చేస్తాడు?

“ఒరేయ్, నేను లేడంటున్న దేవుడికి నాచేత ఇల్లు కట్టిస్తావేంట్రా?”

“నువ్వు దేవుణ్ణి నమ్మక్కర్లేదురా మానవా. వానను నమ్ము. ఈసారి కప్పు నిలబడాలి, అంతే” అన్నారు అయ్యగారు.

వానను నమ్మడానికి మానవేంద్రకు అభ్యంతరం లేదు. ఒప్పుకున్నాడు. తండ్రి ఉపన్యాసాల్లో చూపిన పట్టుదలను కొడుకు సిమెంటులో చూపించేవాడు. కట్టడంలో ప్రతి అంగుళమూ తానెందుకున్నదో తాను చెప్పుకోగలగాలనేది అతని సిద్ధాంతం. చెప్పుకోలేనిదాన్ని కొట్టేస్తాడు. అలా కొట్టేయగా కొట్టేయగా కాగితం మీద మిగిలిన గుడికి గోపురం లేదు, కమానులు లేవు, రంగుటద్దాలు లేవు. నిలువుగా పన్నెండు కిటికీలు, చదునైన కప్పు, రోడ్డు వైపు గోడకు పైన నాలుగు తూములు మాత్రం ఉన్నాయి.

సంఘ పెద్దల్లో పెద్ద మోజెస్ మాస్టారు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అయ్యగారికి కూడా ఆయన ఆరో తరగతిలో పాఠం చెప్పారు. అందుకని అయ్యగారు ప్రసంగ పీఠం మీదున్నా సరే, మాస్టారు గొంతు సవరించుకుంటే చేతులు కట్టుకునేవారు. ఆ మాస్టారు ప్లాను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

“గోపురం ఏది బాబూ?”

“గోపురం ఏం చేస్తుందండీ?” అన్నాడు మానవేంద్ర.

“ఏం చేస్తుందేమిటి? ఉంటుంది!”

ఆ పూట ఎవరూ నెగ్గలేదు. మాస్టారు ఇంటికి పోయి మూడు రోజులు ఆలోచించారు. నాలుగో రోజు వెలుగుతున్న మొహంతో వచ్చి, కిటికీలు పన్నెండు గనక అవి యేసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలులని ప్రకటించారు. గోడ అరవై అడుగులు కాబట్టి అయిదడుగులకొకటి చొప్పున పన్నెండు వచ్చాయని మానవేంద్ర మొత్తుకున్నాడు. “ఆ గోడ అరవై అడుగులే ఉండాలని ఎవరు నిర్ణయించారు?” అని మాస్టారు ఆకాశం వైపు చూశారు. “పక్క స్థలం వాళ్ళు అమ్మనన్నారండీ” అని మానవేంద్ర నేల వైపు చూశాడు. అక్కణ్ణించి మాస్టారికి పట్టపగ్గాల్లేవు. సముద్రపు పోటు నీరు లోపలికి రాకూడదని కట్టిన ఏడు మెట్లు ఏడు దినాల సృష్టి అయ్యాయి. కిటికీలు బిగించాక ఒక దాని రెక్క సరిగా మూసుకోకపోతే, వడ్రంగిని పిలవబోయిన వాళ్ళను ఆపి, అది ప్రభువును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా అన్నారు. దాన్ని ఈనాటికీ ఎవరూ బాగుచేయలేదు.

నన్ను పోసింది ఆ గుడి వెనక, కూలిన పాత గుడి పునాది మీద. పాత గుడి కుర్చీ బల్లల చెక్కలు కోసి జక్రయ్య మేస్త్రి నాకూ, నా ముగ్గురు అన్నలకూ అచ్చులు చేశాడు. ఆ చెక్కల గీతలు ఇప్పటికీ మా వంటి మీద ఉన్నాయి. జక్రయ్య అదే సంఘంవాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, వెదురు కర్రలా ఉంటాడు. ఒక డబ్బా సిమెంటుకు రెండు డబ్బాల ఇసుక, నాలుగు డబ్బాల కంకర. తాపీ పట్టినప్పటి నుంచీ ఆయనకు ఈ వరస తప్పలేదు. ఒక్కో డబ్బా పోస్తూ పైకి లెక్కబెడతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క మళ్ళీ మొదలుపెడతాడు గాని అంచనా మీద పోయడు. సముద్రపు ఇసుక వద్దని ఏటి ఇసుక తెప్పించి, దాన్ని కూడా కడిగించాడు. పోశాక ఇరవై ఒక్క రోజులు గోతాలు కప్పి రోజూ మూడుపూటలా తడిపాడు. పసిబిడ్డకు కూడా ఇంత సేవ జరగదేమో.

ఆయనకు నచ్చని సంగతి ఒక్కటే. “పైన పూత వద్దు మేస్త్రీ. కాంక్రీటు కాంక్రీటులాగే కనబడాలి. దాచడానికి ఏముంది?” అన్నాడు మానవేంద్ర.

“పూత పెట్టకపోతే పని సగంలో వదిలేశాడంటారు బాబూ. ఊళ్ళో తలెత్తుకోవద్దా?”

“నేను చెబుతాగా, ఇది కావాలనే చేసిందని.”

“చెప్తారా మరి?” అన్నాడు జక్రయ్య.

మా తీరాన ఒక్కపూటలో ఎనిమిది, పది అంగుళాల వాన పడటం మామూలే. ఇంత కప్పుకు ఇంత నీరు, ఇంత నీటికి ఇన్ని దారులు అని మానవేంద్ర గుణించి నాలుగు తూములు వేశాడు. ఎడమనుంచి కుడికి వరసగా నాలుగు. నేను కుడి చివరిదాన్ని. లోపల ప్రభువు బల్ల ఉండే చోటుకు సరిగ్గా పైన నా చోటు. కప్పు వాటం కూడా చివరికి నావైపే.

మా అన్నలు ముగ్గురినీ ఎక్కించి బిగించారు. నాకు మోకు కట్టి లాగబోతున్నారు. అప్పటికి మానవేంద్ర పచ్చకామెర్లతో విజయవాడలో మంచాన ఉన్నాడు. అటుగా వచ్చిన మోజెస్ మాస్టారు రోడ్డు మీద ఆగి, తలెత్తి, వేలితో లెక్కబెట్టారు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. అబద్ధం చెప్పను, ఆయన భక్తి దొంగభక్తి కాదు.

“ఆపండి! మూడు చాలు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. నాలుగోది ఎవరి కోసమయ్యా?”

“వాన కోసమండీ” అన్నాడు జక్రయ్య.

“త్రిత్వం పక్కన ఇంకొకటి పెట్టి నిలబెడతావా? చూసేవాళ్ళు మనది ఏ మతం అనుకోవాలి?”

“నాలుగూ ఉంటేనే నీళ్ళు పోతయ్యి మాస్టారూ. ఇంజనీరుబాబు లెక్కజూసి గీశాడు. మూడైతే నీళ్ళు ఆ మూల నిలబడతయ్యి.”

అయ్యగారు వచ్చారు. జక్రయ్య వంక చూశారు, మాస్టారి వంక చూశారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. “బాబు వచ్చాక అడుగుదాం జక్రయ్యా. అందాకా ఆ రంధ్రం మూసెయ్” అన్నారు అయ్యగారు. మేస్త్రి నాకు కట్టిన మోకు విప్పాడు. పైకెక్కి ఇటుక ముక్కలతో, సిమెంటుతో నా చోటు మూసేశాడు. నన్ను గోడ పక్కన పడుకోబెట్టారు.

ప్రతిష్ఠ రోజుకు మానవేంద్ర చిక్కిపోయి వచ్చాడు. వస్తూనే లోపలికి వెళ్ళకుండా రోడ్డు మీద నిలబడి గోడ చూశాడు. చాలాసేపు చూశాడు. జక్రయ్య పక్కనే నిలబడి, బాబు ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు అరుస్తాడు అని ఎదురు చూస్తున్నాడు. ఎడమవైపు మూడు తూములు, పొద్దుటి ఎండకు వాటి మూడు నీడలు, కుడివైపు అంత మేరా ఏమీ లేని ఉత్త గోడ.

“బాబూ, నాలుగోది...”

“చూశాను మేస్త్రీ.” అతని గొంతు మెల్లగా ఉంది. “ఉండనీ. తర్వాత చూద్దాం.”

అతని వెంట ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆ ఫొటో బొంబాయి నుంచి వచ్చే ఒక పెద్ద పత్రికలో పడింది. ఆ ఉత్త గోడలో మౌనం ప్రార్థన చేస్తోందని అందులో రాశారట. ఆ మౌనమంటే నేను లేకపోవడమేనని రాసినవాళ్ళకు తెలియదు, తెలిసినవాడు చెప్పలేదు. ప్రతి అంగుళానికీ కారణం అడిగిన మనిషి, అందంగా ఉన్నదనే ఒక్క కారణానికి లెక్క మొత్తం వదులుకున్నాడు. మాస్టారికి మూడంటే భక్తి, మానవేంద్రకు మూడంటే సొగసు. వానను మాత్రం ఇద్దరూ అడగలేదు.

కొన్నాళ్ళు గడ్డిలో పడి ఉన్నాక జక్రయ్య నన్ను రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. కరుణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“గుడికి పనికిరాంది నా పెరటికి తెచ్చావా?”

“పనికిరాకపోవటమేందే? నీళ్ళు పోయేదానికి పోశా. యాడ పెట్టినా నీళ్ళు పోతయ్యి.”

బావి చప్టా దగ్గర నన్ను వాలుగా పెట్టారు. ఆమె నా అంచు మీద బట్టలు ఉతికేది. ఆ నీళ్ళు నా మీదుగా అరటి పాదులోకి పోయేవి. కోళ్ళు నాలో నీళ్ళు తాగేవి, నా మీదే నానా పనులూ చేసేవి. ఆ పెరట్లో నా గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. నా బతుకులో నేను సుఖపడ్డ రోజులవే. అరటి చెట్టు మూడు గెలలు వేసింది. అది దేనికి గుర్తని కూడా ఎవరూ అడగలేదు, తిన్నారు.

మూడో ఏటి వానల్లో గుడి కప్పు ఉరవడం మొదలైంది. ఆ సంఘంలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ కప్పిన రొట్టె, ద్రాక్షరసం బల్ల మీద పెట్టి, ప్రార్థించి, పళ్ళెంలో వరసగా అందరికీ అందిస్తారు. అలాంటి ఒక ఆదివారం అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, పైనుంచి తుప్పు నీళ్ళ చుక్క ఒకటి ఆ తెల్లగుడ్డ మీద పడింది. ఆ వెనకే ఇంకొకటి. ఎర్రటి మరక పడింది. జనం లేచి నిలబడ్డారు.

కప్పు ఉరుస్తోందని అందరికంటే ముందు అనాల్సింది కప్పు సంగతి తెలిసినవాళ్ళు. అందరికంటే ముందు అన్నది మోజెస్ మాస్టారు. ఆయన కప్పు అనలేదు. ఇది మనలో ఎవరో దాచిన పాపం అన్నారు. దాచింది ఎవరు? గుడి కట్టిందెవరు? ఇసుక ఎక్కువ పోసి, సిమెంటు తక్కువ వేసి ఉంటాడు, లేకపోతే కాంక్రీటు కారడమేమిటి అని మధ్యాహ్నానికల్లా ఒక మాట పుట్టింది. సాయంత్రానికి అది సంగతైంది. పూత పెట్టకుండా వదిలేయడమే అందుకు సాక్ష్యమన్నారు ఇంకొందరు.

పెద్దలు జక్రయ్యను పిలిచి అడిగారు. ఆయన నిలబడే చెప్పాడు. “ఆ నాలుగో తూము మూసినందుకండీ. నీళ్ళకి దారి లేక ఆ మూల నిలబడి, చువ్వలకి చెమ్మ దిగింది.”

“అంటే త్రిత్వంలో లోపముందంటావా?” అన్నారు మాస్టారు.

“నేను తూముల గురించి చెప్తన్నా మాస్టారూ.”

అప్పటికి జక్రయ్య మీద తప్పులు రెండయ్యాయి, ఇసుకలో ఒకటి, విశ్వాసంలో ఒకటి. తప్పు ఒప్పుకునేదాకా జక్రయ్యను బల్లకు దూరం పెట్టాలని పెద్దలు తీర్మానించారు. అంటే గుడికి రావచ్చు, పాటలు పాడవచ్చు. వెనక వరసలో కూర్చోవాలి. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు ఆయన ముందు ఆగకుండా పక్కవాళ్ళకు వెళ్ళిపోతుంది. అయ్యగారు తల వంచుకుని ఆ తీర్మానం చదివారు.

మొదటి నెల జక్రయ్య వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. పళ్ళెం కరుణమ్మ దాకా వచ్చింది. ఆమె చేతులు ఒళ్ళోంచి తీయలేదు. “నీకు లేంది నాకెందుకు” అందట ఇంటికొచ్చాక. ఆ మాట చెబుతూ నా మీద దుప్పటి బాదుతుంటే నాకు దెబ్బలు బాగానే తగిలాయి. రెండో నెల జక్రయ్య గడప దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఊళ్ళో ఇళ్ళు కట్టేవాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. పొరుగూళ్ళకు పోయి, పేరు చెప్పకుండా, కూలి మేస్త్రీగా పని చేసేవాడు. అక్కడ కూడా డబ్బాలు పైకి లెక్కబెట్టేవాడట. అలా పద్నాలుగు నెలలు గడిచాయి. ఒకసారి బావి గట్టు మీద కూర్చుని భార్యతో, “ఇసుకలో నా చెయ్యి తప్పలేదని ఎవురన్నా ఒక్కళ్ళు పైకి అంటే చాలే. రొట్టె లేకపోయినా బతుకుతా, ఆ మాట లేకపోతే బతకలేకుండా ఉన్నా” అని ఏడ్చాడు. నేను కాంక్రీటును. అయినా ఆ రోజు నాకు బాధ కలిగింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

అయ్యగారు మానవేంద్రకు మూడు ఉత్తరాలు రాశారు. మూడింటికీ కలిపి ఒక కార్డు వచ్చింది. “తారు పూయించండి” అని ఉంది అందులో.

ఒకనాడు కరుణమ్మ బట్టలు ఉతకడం సగంలో ఆపి, చేతులు తుడుచుకుని, మొగుడికి చెప్పకుండా విజయవాడ బస్సెక్కింది. అక్కడ జరిగింది తరవాత పొరుగావిడకు నా ఎదటే చెప్పింది. మానవేంద్ర ఆఫీసులో అతని కుర్చీ వెనక మా గుడి ఫొటో నిలువెత్తున అద్దం కట్టి ఉందట. అతను కూర్చోమన్నా ఆమె కూర్చోకుండా ఆ ఫొటో దగ్గరకు పోయి, ఉత్త గోడ మీద వేలు పెట్టింది.

“ఇదుగో, ఇక్కడ మా ఆయన మూసిన బెజ్జం. మీకు తెలుసుగా బాబూ?”

తెలుసన్నాడట.

“మీరు దేవుడు లేడంటారంటగా. మరి అబద్ధమన్నా ఉందంటారా, అదీ లేదంటారా?”

ఆమె వచ్చిన బస్సులోనే తిరిగొచ్చింది. “పోనీ, అడిగానన్న తృప్తన్నా మిగిలింది” అని మళ్ళీ బట్టలు అందుకుంది.

ఆ శనివారం మానవేంద్ర వచ్చాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని పొద్దుటి నుంచీ రేడియో చెబుతోంది. అతను ముందు గుడి కప్పెక్కాడు. తూర్పు మూల చీలమండ దాకా నీళ్ళు, నీళ్ళలో తోకకప్పలు. దిగి తిన్నగా మా పెరటికి వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటుతో నా పక్కన గొంతుకూర్చుని, నా వంటి మీద సబ్బు నురగ తుడిచి, చెక్క గీతలు తడిమి చూశాడు. పద్ధతిగా పోసిన కాంక్రీటు చేతికి తెలుస్తుంది. అతనికి తెలిసింది.

“దీన్ని ఎక్కించాలి మేస్త్రీ. రేపే. వాన ముంచుకొస్తోంది.”

“నా మీదేసిన మాట తీసేదాకా ఆ గుడి మీద తాపీ పెట్టనని ఒట్టేసుకున్నా బాబూ” అన్నాడు జక్రయ్య. తలెత్తి మబ్బు చూశాడు. “కాని రేపు ఆ కప్పు కింద రెండొందలమంది కూచుంటారు. పైన అంత బరువు నిలబెట్టి నేనింట్లో ఎట్టా కూచుంటా?”

“ఆదివారం పనేందయ్యా?” అంది కరుణమ్మ.

“బల్ల లేనోడికి ఆదివారమేందే.”

ఆదివారం పొద్దున్నే ఇద్దరు మనుషులు నన్ను మోకుతో పైకి లాగి, మిగతాది మేస్త్రి చూసుకుంటానంటే వెళ్ళిపోయారు. జక్రయ్య ఉలీ సుత్తీ పెట్టి తాను మూసిన రంధ్రాన్ని తానే పగలగొట్టాడు. నిలవ నీళ్ళు తోకకప్పలతో సహా బుడబుడమని కిందికి దూకాయి. నన్ను నా చోట్లో పెట్టి, వాటం చూసి, చుట్టూ సిమెంటు కూరడం మొదలుపెట్టాడు. కప్పు కింద గాలికోసం వదిలిన సందుల్లోంచి లోపలి మాటలు మాకు చక్కగా వినబడుతున్నాయి. అది బల్ల ఆదివారం. పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవవచ్చునని అయ్యగారు అన్నారు. జబ్బులు తగ్గినవాళ్ళు, పరీక్షలు గట్టెక్కినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకునే వేళ అది. చివరి వరసలోంచి మానవేంద్ర లేచాడు.

“నేను దేవుణ్ణి నమ్మను” అన్నాడు.

“ఆమెన్” అన్నారెవరో అలవాటుగా.

“ఈ గుడికి నాలుగు తూములు గీసింది నేను. ఒకటి మూసేశారని ప్రతిష్ఠ రోజునే చూశాను. కప్పుకు చేటని ఆ క్షణంలోనే తెలుసు. కాని మూడుంటే గోడ అందంగా ఉంది. ఫొటో బాగా వస్తుందని నోరు మూసుకున్నాను. జక్రయ్య ఇసుక ఎక్కువ కలపలేదు. ఆయన పోసినంత నిజాయితీగా ఈ జిల్లాలో ఎవరూ కాంక్రీటు పోయరు. ఆయన వెనక వరసలో కూర్చుంటే నేను పత్రికలో కూర్చున్నాను. ఇది చెప్పడానికి వచ్చాను.”

పైన జక్రయ్య చేతిలో తాపీ ఆగింది. కింద ముందుగా తేరుకున్నది మోజెస్ మాస్టారే. నాలుగు తూములంటే బైబిల్లోని నాలుగు సువార్తలు గదా, ఇన్నాళ్ళూ మనకు తోచనేలేదు అన్నారు ఆశ్చర్యంగా. ఆ తరవాత గొంతు సవరించుకున్నారు.

“కాబట్టి సంఘం ఈ రోజు జక్రయ్యను క్షమించి, తిరిగి బల్లకు చేర్చుకుంటున్నది.”

“నాకొద్దు!”

ఆ కేక కప్పులోంచి, సరిగ్గా ప్రభువు బల్ల మీదుగా దిగింది. రెండొందలమంది తలలెత్తారు. కొందరు మోకాళ్ళ మీద పడ్డారు. ఒక్క క్షణం అందరూ అది పైనుంచి వచ్చిన స్వరమే అనుకున్నారు. పైనుంచే వచ్చింది లెండి.

“చెయ్యని తప్పుకి క్షమాపణ నాకొద్దు మాస్టారూ. ఆ క్షమించేది మీ దగ్గరే ఉంచుకోండి. నేను దిగను” అన్నాడు జక్రయ్య, సందుకు మొహం ఆనించి. మళ్ళీ తాపీ అందుకున్నాడు.

మాస్టారు ఏదో అనబోయారు. అయ్యగారు చెయ్యెత్తి, “కూర్చోండి మాస్టారూ” అన్నారు. ఆరో తరగతి తరవాత ఆ మాట అనడానికి ఆయనకు ముప్పయ్యేళ్ళు పట్టింది. రొట్టె పళ్ళెం ఒక చేత, గిన్నె ఒక చేత పట్టుకుని మెట్లు దిగి బయటికి వచ్చారు. సంఘం మొత్తం వెనకే వచ్చింది. నా కిందుగా గోడకు వేసిన వెదురు నిచ్చెన దగ్గర ఆగి, గిన్నె మానవేంద్ర చేతికిచ్చి, “పట్టుకో, నా వెనకే ఎక్కు, ఒలకబొయ్యకు” అన్నారు. ఆ మనిషి బరువుకు మొదటి మెట్టే కిర్రుమంది. నిచ్చెన పక్కకు ఒరిగింది. అందరికంటే దగ్గరున్నది మోజెస్ మాస్టారు. ఆయన గబుక్కున రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నారు. తెల్ల ఖద్దరు చొక్కా, మెడలో కండువా, అలాగే బిగపట్టి నిలబడ్డారు.

ఎత్తంటే అయ్యగారికి హడలు. కళ్ళు సగం మూసుకుని, ఒంటి చేత్తో మెట్లు పట్టుకుంటూ, ఎక్కారు. గిన్నె పట్టుకుని మానవేంద్ర వెనకే ఎక్కాడు. పిట్టగోడ దాటి పైకి పాకి, కాసేపు రొప్పి, జక్రయ్య ముందు తడి కప్పు మీదే మోకాళ్ళ మీద కూర్చున్నారు.

“నిన్ను క్షమించడానికి రాలేదు జక్రయ్యా. నీ చెయ్యి తప్పలేదు. తప్పు మాది. నువ్వు ఆ రోజే చెప్పావు. నాకు అర్థమైంది కూడా. మాస్టారికి ఎదురు చెప్పలేక ఆ రంధ్రం నీచేత మూయించాను. నువ్వు క్షమిస్తే ఈ బల్ల నాకుంటుంది, లేకపోతే ఈ పూట నేను కూడా తీసుకోను.”

ఈ మాటలు కింద నిలబడ్డ అందరికీ వినబడ్డాయి. కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జక్రయ్య తాపీ కింద పెట్టాడు. అయ్యగారి చేతిలో పళ్ళెం చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా సిమెంటు.

“చేతులు కడుక్కోనివ్వండయ్యా” అన్నాడు.

పక్కనున్న బకెట్‌లోంచి చెంబుడు నీళ్ళు తీసి నా మీదే చేతులు కడుక్కున్నాడు. రెండు చెంబులు, మూడు చెంబులు, గోళ్ళ సందులు కూడా తోముకున్నాడు. నేను నా చోటికి చేరాక నా మీదుగా పారిన మొదటి నీళ్ళు అవి. వానవి కావు. బూడిదరంగు సిమెంటు నీళ్ళు. లెక్క ప్రకారం గోడకు దూరంగా, ధారగా, తిన్నగా నిచ్చెన పట్టుకున్న మోజెస్ మాస్టారి నెత్తిన పడ్డాయి.

పన్నెండు కిటికీలకూ, ఏడు మెట్లకూ, మూడు తూములకూ, నాలుగు తూములకూ అర్థం చెప్పిన మాస్టారు, కండువా అంతా బూడిదరంగై, కనుబొమల మీదుగా నీళ్ళు కారుతుండగా తలెత్తి నావైపు చూశారు. ఆ నీళ్ళకు అర్థం ఏమిటో ఆయన ఇంతవరకూ చెప్పలేదు. నిచ్చెన మాత్రం వదల్లేదు.